మాస్టారి ఆంప్‌లో మూడో నాబ్

మాస్టారు పోయారన్న కబురు నాకు ఆఫీసు మీటింగ్‌లో ఉండగా వచ్చింది. నోయిడాలోని మా ఆఫీసులో రోజూ పదిన్నరకి అందరం గుండ్రంగా నిలబడి, నిన్న ఏం చేశామో, ఇవాళ ఏం చేస్తామో ఒప్పజెప్పాలి. సరిగ్గా నా వంతు వచ్చేసరికి మాస్టారి భార్య, ఆంటీ దగ్గర్నించి ఫోన్ రెండుసార్లు మోగి ఆగింది. ఆ వెంటనే మెసేజ్ వచ్చింది. పొద్దున్న నిద్రలోనే వెళ్ళిపోయారని, నన్ను రమ్మని. అది చదివాక కూడా నేను మాట ఆపలేదు. లాగిన్ పేజీలో పట్టుకున్న మూడు తప్పుల గురించీ పూర్తిగా చెప్పాను. ఎవరో ఏదో అడిగితే దానికీ జవాబిచ్చాను. తర్వాత బ్యాగు తీసుకుని, లిఫ్ట్ కోసం ఆగలేక ఆరంతస్తులూ మెట్లమీదే దిగాను. ఆటోలో కూర్చున్నాక "భయ్యా, థోడా జల్దీ" అని ఎన్నిసార్లన్నానో, చివరికి అతను వెనక్కి తిరిగి నా మొహం చూసి వేగం పెంచాడు.

వైశాలిలో వాళ్ళది రెండో అంతస్తు. నేను వెళ్ళేసరికి చెప్పులు మెట్ల మీదదాకా ఉన్నాయి. హాల్లో చాప మీద పడుకోబెట్టారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే పెన్సిల్ లేదు. ఆ ఒక్కటీ లేకపోయేసరికి నాకు ఆయనలా అనిపించలేదు. మూలన స్టాండు మీద ఆయన గిటార్, పక్కనే పాత దుప్పటి కప్పిన ఆంప్లిఫయర్. అందరూ ఆయన్ని చూస్తుంటే నేను ఆ ఆంప్‌ని చూస్తూ నిలబడ్డాను.

ఎందుకో ముందే చెప్పేస్తాను, లేకపోతే నాకు ఊపిరాడదు. రెండేళ్ళపాటు, ప్రతి ఆదివారం, ఆయన వాయించబోయే ముందు ఆయన చూడకుండా ఆ ఆంప్ మీది మూడో నాబ్ తగ్గించేదాన్ని. మాస్టారికి చెవి మందగించింది. సన్నటి స్వరాలు వినపడటం మానేశాయి. ఆ మాట ఆయనకి చెప్పే ధైర్యం లేక దొంగచాటుగా నాబ్ తిప్పాను. వినడం తప్ప నాకు మరోటి నేర్పని మనిషిని ఆయన చెవి విషయంలోనే మోసం చేశాను. ఆయనకి తెలుసా? తెలియకుండానే వెళ్ళిపోయారా? తెలిసి, నొచ్చుకుని ఊరుకున్నారా? ఈ ప్రశ్నతో ఆయన పోయిన దగ్గర్నించీ నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఇది రాస్తూ ఇప్పటికే రెండుసార్లు లేచి బాల్కనీలోకి వెళ్ళొచ్చాను.

ఆయన దగ్గరికి నేను మొదటిసారి వెళ్ళింది గిటార్ నేర్చుకోవడానికి కాదు, ఫిర్యాదు చెయ్యడానికి. అప్పటికి ఏడాదిగా నా దగ్గర ఒక జాజ్ గిటార్ ఉంది. పొట్ట ఉబ్బెత్తుగా ఉండి, వయొలిన్‌కి ఉన్నట్టు రెండు పక్కలా వంకీ కంతలుంటాయి, ఆ రకం. తీగల కింద కూర్చుని వాటి కదలికని కరెంటుగా మార్చి ఆంప్‌కి పంపే చిన్న పట్టీని పికప్ అంటారు. నా గిటార్‌లో ఆ పికప్ పాడైపోయిందని నా గట్టి నమ్మకం. లావు తీగలు నాలుగూ నోట్లో నోట్లో గొణిగేవి, సన్న తీగలు రెండూ గొంతు చించుకునేవి. ఏడాదిలో మూడు పికప్‌లు మార్చాను. అమ్మినవాడికి ఇంగ్లీషులో ఘాటైన ఉత్తరాలు రాశాను. తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం కాబట్టి ఆ ఉత్తరాలు బాగానే కుదిరేవి. చివరికి మా ఇందిరాపురం అపార్ట్‌మెంట్ సొసైటీలో ఒకాయన, వైశాలిలో మీ తెలుగాయన ఒకరున్నారు, ఒకప్పుడు పెద్ద హోటల్లో వాయించేవారట, ఆయన్ని అడగమన్నాడు.

మాస్టారు గిటార్ చేతిలోకి తీసుకున్నారు. ఆంప్‌కి తగిలించనేలేదు. కళ్ళజోడు పైకి తోసి తీగల్ని చూశారు, వేలితో ఒక తీగని గీరి ఆ వేలిని చూసుకున్నారు. తర్వాత నా వైపు చూశారు.

"ఏటమ్మా ఇది? ఈ పికప్‌లో ఉన్నది అయస్కాంతం. దానికి ఇనుము కావాల. నువ్వేమో కంచు చుట్టిన తీగలు కట్టీసి, అది పలకట్లేదని దాన్నే మారుస్తన్నావు."

పికప్‌లు మూడు మార్చాను గానీ తీగలు మార్చాలని ఒక్కసారి కూడా తట్టలేదు. చిన్నప్పుడు తెనాల్లో గిటార్ నేర్పినాయన కంచు తీగలు కట్టమన్నాడు, అది మామూలు గిటార్, ఆంప్ ఊసే లేదు. అప్పట్నించీ అవే కడుతున్నాను. నాకు తల కొట్టేసినట్టయింది. మాస్టారు మాత్రం నవ్వలేదు. లోపలికెళ్ళి నికెల్ చుట్టిన తీగల పొట్లం తెచ్చి, నా చేతే మార్పించారు. ఆరు తీగలూ ఒకే గొంతుతో పలికాయి. ఆంటీ అల్లం టీ తెచ్చి పెట్టి, "అయితే సమస్య తీరిపోయినట్టేనా, లేకపోతే వచ్చే వారం కూడా వస్తావా?" అని అడిగింది. వచ్చే వారం వెళ్ళాను. ఆరేళ్ళు వెళ్ళాను.

మాస్టారిది విశాఖపట్నం. వాల్తేరు రైల్వే క్వార్టర్లలో పక్కింటి ఆంగ్లో ఇండియన్ గార్డు దగ్గర గిటార్ పట్టుకున్నారు. ఢిల్లీ వచ్చింది మాత్రం సర్కారీ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగానికి. పగలంతా వంతెనలకీ కల్వర్టులకీ బొమ్మలు గీసి, సాయంత్రం ఒక హోటల్ కాఫీ షాపులో మూల కూర్చుని వాయించేవారు. భోంచేసేవాళ్ళ మాటలకి అడ్డురాకుండా, అలాగని వినపడకుండా పోకుండా వాయించడం ఎంత కష్టమో అక్కడే తెలిసిందనేవారు. ఉద్యోగం అయిపోయినా డ్రాఫ్ట్స్‌మన్ అలవాట్లు పోలేదు. జేబులో ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం ఉండే ఆఫీసు పెన్సిల్ ఉండేది. నా పాఠాల కాగితాల మీద తప్పు వాయించిన చోట ఎరుపు గీత, బాగా వాయించిన చోట నీలం గీత. మొదటి రెండేళ్ళూ నా కాగితాలు ఎర్రగా ఉండేవి. వంటింట్లో కుక్కర్ పెట్టి ఆంటీ బజారుకి వెళ్తే, పాఠం చెప్తూనే విజిళ్ళు లెక్కపెట్టి, నాలుగోదానికి లేచి స్టవ్ కట్టేసి వచ్చి, ఆపిన చోటునించే మొదలుపెట్టేవారు. ఒక్కసారీ లెక్క తప్పలేదు.

నాకు ఆంప్ కొనిపెట్టడానికి ఒకసారి ఢిల్లీలో పెద్ద దుకాణానికి తీసుకెళ్ళారు. దుకాణమతను నాలుగు ఆంప్‌లు వరసగా పెట్టి, "మేడమ్, యే వాలా సబ్‌సే బెస్ట్ హై" అంటూ ఒకదాని మీద చెయ్యేశాడు. మాస్టారు తన శాలువా, నా చున్నీ, అక్కడున్న రెండు గిటార్ సంచులు తీసుకుని నాలుగింటినీ కప్పేశారు. నన్ను దుకాణం ఆ చివర గోడ దగ్గరికి పంపి, గోడవైపు తిరిగి నిలబడమన్నారు. నేనే వాయిస్తానన్నాను, ఒప్పుకోలేదు. దుకాణమతని చేత వాయింపించారు. అతనికి వచ్చినది ఒకే ఒక్క పాత హిందీ పాట, అది కూడా సగమే. ఆ సగం పాటే నాలుగు ఆంప్‌లలో నాలుగుసార్లు విన్నాను, గోడకున్న క్యాలెండర్ చూస్తూ. వచ్చిపోయేవాళ్ళు నన్ను ఏ తప్పుకో నిలబెట్టారనుకుని ఉంటారు.

"నువ్వెలాగూ గిటార్ని పొట్టకి ఆనించుకునే ఉంటావు," అన్నారు తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో. "దాని సంగతి నీ పొట్టకి తెలుస్తాది. ఆంప్ నీకోసం కాదమ్మా, ఆ గోడకాడ కూకున్నోడి కోసం."

నేను ఎంచుకున్నది నాలుగింట్లోకీ చిన్నది. దాన్ని నేల మీద పెట్టనిచ్చేవారు కాదు. నేల మీద పెడితే నీ చీలమండలు వింటాయి, వాటికి సంగీతం దేనికీ అని ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టించేవారు. అంత జాగ్రత్తగా ఎంచుకున్న ఆంప్‌తో నేను తృప్తిగా ఉన్నది ఎన్నాళ్ళు? పదిహేను రోజులు. తర్వాత మళ్ళీ మొదలు. తీగలు ఆనే గుర్రం కింద పెట్టే పికప్ వేయించాను, స్టీలు గిన్నె మీద చెంచాతో కొట్టినట్టుంది. గిటార్ పొట్టకి అతికించే బిళ్ళ పెట్టించాను, అది తీగల కంటే నా గాజుల చప్పుడే బాగా వినిపించింది. ఒకడి మాట విని పొట్ట కోసి పెద్ద పికప్ పెట్టించబోయాను. మాస్టారు అప్పుడొక్కసారే గొంతు పెంచారు. పలికేది ఆ చెక్క, దానికే కంతపెడితే ఇంక పికప్ దేన్ని ఎత్తి ఆంప్‌కి ఇవ్వాలని కోప్పడ్డారు. ఆయన గిటార్‌కున్న పికప్ చెక్కకి ఎక్కడా తగలదు. తీగల పక్కనుండే ప్లాస్టిక్ పలకకి వేలాడుతూ ఉంటుంది. చివరికి నేనూ అదే పెట్టించుకుని, రెండు నెలలయ్యాక అది కూడా మార్చాలనుకున్నాను.

"నీకు సౌండ్ దొరకలేదని కాదు," అన్నారోసారి. "దొరికినచోట నువ్వుండవు."

ఆ మాట నన్ను చాలాకాలం గుచ్చింది. నిజం కాబట్టే గుచ్చింది. ఢిల్లీలోనే నేను ఐదు ఇళ్ళు మారాను, నాలుగు ఉద్యోగాలు మారాను. హోటల్‌కెళ్తే మెనూ తిరగేసి తిరగేసి ఆర్డరిచ్చాక పక్కవాళ్ళ పళ్ళెంలోకి చూస్తాను. సరైనది ఎక్కడో ఉంది, నేను చూడలేదంతే అని నాకెప్పుడూ ఒక గుబులు.

మా సొసైటీ క్లబ్‌హౌస్‌లో ఆదివారం పొద్దున్న అందరూ కలిసి టిఫిన్ తింటారు. అక్కడ అరగంట వాయించమని మాస్టారిని అడిగింది నేనే. ఆయన సంబరపడిపోయారు. హోటల్ మానేశాక జనం ముందు వాయించడం అదే మళ్ళీ. నేను కారులో వైశాలి వెళ్ళి ఆయన్నీ, గిటార్నీ, ఆంప్‌నీ తీసుకొచ్చేదాన్ని. ఆంప్ చాలా పాతది. దాని మీద మూడు నల్లటి నాబ్‌లు, మొదటిది వాల్యూమ్, రెండోది బాస్, మూడోది ట్రెబుల్. పక్కనుండే అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. ఆయన కుర్చీ వేయించుకుని, దాని మీద ఆంప్ పెట్టి, గిటార్ కూత పెట్టకుండా ఒక వంకీ కంతలో తన మంకీ క్యాప్ కుక్కేవారు. బోలు గిటార్ కదా, ఆంప్ చప్పుడు మళ్ళీ దాని పొట్టలో దూరి ఊళ వేస్తుంది. చలికాలంలో తలకి, మిగతా కాలమంతా గిటార్‌కి ఆ టోపీయే.

మొదట్లో అద్భుతంగా ఉండేది. పూరీలు తింటూ మాట్లాడుకునేవాళ్ళు మధ్యలో మాట మరిచిపోయేవారు. ఏడాది గడిచాక నాకు ఏదో తేడా తెలిసింది. సన్నతీగల మీద ఆయన వేలు పడినప్పుడల్లా పలక మీద మేకుతో గీసినట్టుండేది. ఆయన ట్రెబుల్ కొంచెం కొంచెంగా పెంచుతున్నారు. ఒక ఆదివారం మూడో అంతస్తు ఆంటీ ఒకావిడ ప్లేటు తీసుకుని వెనక వరసలోకి వెళ్ళిపోతూ నాతో మెల్లగా, "అంకుల్‌ కా సౌండ్ థోడా చుభ్‌తా హై, హై నా?" అంది. చెవిలో గుచ్చుకుంటోందని. నేను మాస్టారి వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకుని హాయిగా వాయిస్తున్నారు. ఆ వారమే వాళ్ళింట్లో కుక్కర్ ఏడు విజిళ్ళు వేసింది, ఆయన లేవలేదు. నేనే వెళ్ళి కట్టేశాను.

చెప్పాల్సింది. డాక్టర్ దగ్గరికి వెళ్దాం మాస్టారూ అంటే అయిపోయేది. అనలేకపోయాను. అంటే వాయించడం మానేస్తారని భయం. తర్వాతి ఆదివారం ఆయన ఆంప్ సరిచేసుకుని, చేతులు కడుక్కొస్తానని వెళ్ళారు. నేను కుర్చీ సర్దుతున్నట్టు వంగి, మూడో నాబ్ మీద చెయ్యేసి, ఒక తీగ మీటి, మెల్లగా వెనక్కి తిప్పి, సరిపోయిందనిపించిన చోట వదిలేశాను. ఆయన వచ్చి వాయించారు. జనం మళ్ళీ మాట మరిచిపోయారు. అది మొదలు ప్రతి ఆదివారం అంతే. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళడం, నేను వంగడం.

అయిపోయాక గిటార్ నా చేతికిచ్చి కారులో పెట్టి రమ్మనేవారు. ఆంప్ సర్దడం మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. నేను తిరిగొచ్చేసరికి ఇంకా దాని మీదికి వంగి ఏదో చేసుకుంటూ ఉండేవారు. వైర్లు చుడుతున్నారనుకునేదాన్ని. తిరుగుదారిలో కారులో ప్రతిసారీ ఒకటే అడిగేవారు, ఇవాళ సౌండ్ ఎలాగుంది అని. బావుంది మాస్టారూ అనేదాన్ని. ఊఁ అని కిటికీలోంచి చూసేవారు. ఆ 'ఊఁ' నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఒకసారి వంతెన మీద ట్రాఫిక్‌లో అరగంట ఇరుక్కున్నాం. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆయన నా స్టీరింగ్ వైపు చూస్తూ, "అంత గట్టిగా పట్టుకోకమ్మా, బండి కదలట్లేదు కదా," అన్నారు. నోరు మూసుకున్నాను.

కర్మ రోజులు అయ్యాక ఆంటీ ఫోన్ చేసి, ఆదివారం క్లబ్‌హౌస్‌లో మాస్టారి గిటార్ వాయించమంది. అక్కడివాళ్ళు ఆయన్ని తలుచుకుంటామన్నారట. ఆయన గిటారే, ఆయన ఆంపే ఉండాలంది. నేను శనివారం మధ్యాహ్నం వైశాలి వెళ్ళాను, ఆంప్ సరిగ్గా ఉందో లేదో చూద్దామని. పైకి చెప్పిన కారణం అది. నిజానికి ఆ రోజైనా ఆంటీకి ఒప్పేసుకోవాలని వెళ్ళాను. ఎవరో ఒకరికి చెప్పకపోతే ఆ నాబ్ మీద మళ్ళీ చెయ్యి వెయ్యలేననిపించింది.

ఆంటీ కప్పిన దుప్పటి తీసింది. నేను ఆంప్ వెనక గూట్లోంచి వైరు లాగితే దాంతో పాటు ఒక కాగితం వచ్చింది. ట్రేసింగ్ కాగితం, డ్రాఫ్ట్స్‌మన్లు వాడేది, అవతలివైపు మసకగా కనపడేది. మధ్యలో రూపాయి బిళ్ళంత గుండ్రటి కంత. ఆ కంత చుట్టూ గీతలు. సూర్యుడి బొమ్మకి పిల్లలు గీసే కిరణాల్లాగా, కానీ ఒకవైపే. ఏమిటో నాకు అర్థం కాలేదు. అటూ ఇటూ తిప్పాను. తర్వాత ఆంప్ మీద పెట్టి చూశాను. మూడో నాబ్ ఆ కంతలో సరిగ్గా కూర్చుంది.

గీతలు రెండు రంగులు. ఎరుపువి ఒక దగ్గర మొదలై, ఒక్కొక్కటీ కాస్త కాస్త పక్కకి జరుగుతూ, నాబ్ ఇంక తిరగని చివరిదాకా విసనకర్రలా విచ్చుకున్నాయి. ఒక్కో గీత పక్కనా ఆయన సన్నటి అక్షరాల్లో తేదీ. అన్నీ ఆదివారాలే. నీలంవి మాత్రం అలా జరగలేదు. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే లావుపాటి గీత అయిపోయాయి. ఒక్క నీలం గీత మాత్రం పక్కకి పోయింది. దాని పక్కన 'జలుబు' అని రాసి ఉంది. ఆ వారం నాకు చెవులు దిబ్బళ్ళు పడ్డాయి, గుర్తుంది.

నేను కాగితం పట్టుకుని ఆంప్ ముందు కింద కూర్చున్నాను. ఆంటీ నా పక్కన కూర్చుంది.

"ఆయనకి తెలీదనుకున్నావేటి?" అంది. "మొదటి వారమే తెలిసింది ఆయనకి. ఇంటికొచ్చి, పిల్ల నా ట్రెబుల్ తగ్గించీసింది అన్నారు. నేను కోపమొచ్చిందేమో అనుకున్నాను."

"రాలేదా?"

"ఒక పూట మాటాడలేదు. సాయంత్రం ఈ కాగితం కోసుకుంటూ కూకున్నారు. తన ఎర్రగీత వాయించే ముందరే గీసీసుకునీవోరు. నీ నీలంగీత నిన్ను కారు దగ్గరికి పంపి గీసీవోరు."

చేతులు కడుక్కోవడం కూడా అందుకేనట. అవతలికి వెళ్ళి, క్లబ్‌హౌస్ వాష్‌బేసిన్ దగ్గర నించుని, నేను తీగ మీటిన చప్పుడు ఆగేదాకా అద్దంలో చూసుకుంటూ ఉండేవారట. చెవుల డాక్టర్ దగ్గరికి కూడా ఇద్దరూ వెళ్ళొచ్చారు, నాకు చెప్పలేదు. నేను లేనప్పుడు ఇంట్లో మాత్రం ఎర్రగీత దగ్గరే పెట్టుకుని వాయించేవారు. రెండేళ్ళు ఇల్లంతా కీచుమంటూ ఉండేదని, తను చెవుల్లో దూది పెట్టుకుని వంట చేసేదాన్నని చెప్తూ ఆంటీ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

నాకు అప్పటికీ కుదురు లేదు. తెలిస్తే ఎందుకు చెప్పలేదు? నేనెంత నలిగిపోయానో ఆయనకి పట్టలేదా? ఆ మాటే అడిగాను, కొంచెం కోపంగానే అడిగాను.

ఆంటీ కాగితం చేతిలోకి తీసుకుని కిటికీ వెలుతురుకి ఎదురుగా పెట్టింది.

"నేనూ అడిగాను. ఏటన్నారంటే, 'అది ఏడాదికి నాలుగు పికప్‌లు మారుస్తాది, ఎక్కడా ఆగదు. నా ఆంప్ కాడ మాత్రం దాని చెయ్యి రెండేళ్ళుగా ఒక్కచోటే ఆగుతోంది. ఆ సంగతి దానికి తెలీదు. చెప్పీసేననుకో, అక్కడ కూడా వెతుకులాట మొదలెడతాది' అన్నారు."

నేను చాలాసేపు ఏడ్చాను. సిగ్గుతో కొంత, ఆయన లేరని కొంత, ఎక్కువ మాత్రం తేలికపడి. ఆ తర్వాత నాబ్‌ని చిట్టచివరి ఎర్రగీత దగ్గరికి తిప్పి ఆయన గిటార్ ఒళ్ళోకి తీసుకున్నాను. ఆయన చివరి రోజుల్లో విన్నది నాకూ వినాలనిపించింది. గది కీచుమంది. కిటికీ అద్దం జిరజిరలాడింది. ఆయనకి ఇది తియ్యగా వినపడింది. ఆదివారాలు నేను దీన్ని తగ్గించాక ఆయన వాయించిన ఆ అరగంటా, పైతీగలు ఆయన చెవికి దాదాపు చేరేవే కావు. గోడ దగ్గర కూర్చున్నవాళ్ళు వింటే చాలనుకుని, తనకి వినపడని పాట కళ్ళు మూసుకుని వాయించారు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ లేచి తిరగాలనిపిస్తుంది.

ఆదివారం క్లబ్‌హౌస్‌లో ప్లాస్టిక్ కుర్చీ వేశాను. ఆంప్ పైకెత్తి పెట్టాను. మంకీ క్యాప్ కంతలో కుక్కాను. ఆంటీ ముందు వరసలో కూర్చోకుండా వెళ్ళి ఆ చివర గోడ దగ్గర కూర్చుంది. ట్రేసింగ్ కాగితం నా సంచిలోనే ఉంది, తియ్యలేదు. మూడో నాబ్ మీద చెయ్యేసి, ఒక తీగ మీటి, మెల్లగా తిప్పాను. సరిపోయిందనిపించింది. ఇంకొంచెం అటు తిప్పితే ఎలా ఉంటుందో, ఇటు తిప్పితే ఎలా ఉంటుందో అని అలవాటుగా వేళ్ళు లాగాయి. చెయ్యి తీసేశాను.

ఎలా వాయించానో చెప్పను. ఆయన అయితే రెండు చోట్ల ఎర్రగీత పెట్టేవారు. మూడో అంతస్తు ఆంటీ ప్లేటు పక్కన పెట్టి విన్నది, అది చూశాను.

అందరూ వెళ్ళాక, ఆంటీ గిటార్ పట్టుకుని కారు దగ్గరికి నడిచాక, కాగితం తీసి మూడో నాబ్ చుట్టూ పరిచాను. ఆంటీ ఇచ్చిన మాస్టారి పెన్సిల్ నీలం కొస తిప్పి, నాబ్ చూపిస్తున్న చోట గీత గీయబోయాను. గీత పడలేదు. రెండేళ్ళ నీలం గీతలకి ఆ ఒక్కచోట కాగితం అరిగి చిరిగిపోయి ఉంది. పెన్సిల్ మొన దాన్ని దాటి కిందికి వెళ్ళి ఆంప్ రేకుకి తగిలింది.